లేని గుర్రం సకిలింపు

నిన్న సాయంత్రం బండెక్కించి ఊరవతలి తోటకు పంపేసిన ముసలి గుర్రం, ఈ ఉదయం ఇంటివైపునుంచి సకిలించింది.

కోడలి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఆమె దువ్వుతున్న కుర్రగుర్రం దొరబాబు అప్పటిదాకా బుద్ధిమంతుడిలా గడ్డి నములుతున్నాడు. ఆ పిలుపు చెవిన పడగానే తల ఎత్తి, లాయం అదిరేలా జవాబిచ్చాడు.

కాసేపట్లో స్వారీ బడి మేడమ్ వాణ్ణి చూడ్డానికి వస్తుంది. పిల్లల్ని ఎక్కించుకునే గుర్రం ఒంటరిగా నిలబడాలి, మనిషిని తోయకూడదు. ఈ రెండింటిలో నెగ్గితే దొరబాబు బడికి వెళ్తాడు. లేదంటే ఇటుకల బండికే. ఆ మాట ఆమె భర్త ఎప్పుడో తేల్చేశాడు.

దొరబాబు తక్కువవాడేం కాదు. వచ్చిన కొత్తలో మనుషుల్ని భుజంతో గోడకు నొక్కి జేబులు సోదా చేసేవాడు. అవ్వ, అంటే ఆ ముసలి గుర్రం, నీళ్ల తొట్టిదాకా వెళ్లినా కొంపలంటుకున్నట్టు అరిచేవాడు. కోడలు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. తోసినప్పుడల్లా అరచెయ్యి ఎత్తి వెనక్కి నడిపించింది. అవ్వను నాలుగడుగులు అవతలికి తీసుకెళ్లి, వీడు నోరు మూశాకే తిరిగి తెచ్చింది. రోజురోజుకీ ఆ దూరం పెంచి, నిన్న తోటదాకా పంపేసింది. "వాడు అరిస్తే ఎవరూ పలక్కండి" అని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ.

"ఏవండీ! అవ్వ తిరిగొచ్చేసింది!"

భర్త పళ్లు తోముకుంటూనే వచ్చాడు. "ఎలా వస్తుందే? టికెట్ కొనుక్కునా?"

తోటమాలికి ఫోన్ చేశాడు. "ఇక్కడే ఉందండీ. నా టోపీ తింటోంది" అన్నాడు తోటమాలి.

సరిగ్గా అప్పుడే మళ్లీ సకిలింపు. భర్త నోట్లోంచి బ్రష్షు జారింది. "ఫోన్లోంచేనా?"

"కాదండీ. మనింట్లోంచి!"

దొరబాబుకు ఈ చర్చతో పనిలేదు. గడియను ఛాతీతో ఒక్క తోపు తోశాడు. ఆరేసిన దుప్పటి వీపుమీద పడితే పట్టాభిషేకానికి బయల్దేరినట్టు దాంతోనే సాగాడు. అప్పుడే గేటు తీసిన మేడమ్ ముందునుంచి దూసుకుపోయి, వంటింటి గుమ్మం దాటి, నడవలో దూరాడు. మామగారి గది తలుపుకు ముక్కు ఆనించాడు. అటు చెప్పుల స్టాండు, ఇటు అద్దాల బీరువా. నడుమ తిరగడానికి జానెడు చోటు లేదు.

"నా బీరువా!" భర్త నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఒంటరిగా నిలబడే గుర్రం ఇదేనా?" మేడమ్ గొంతు చల్లగా ఉంది.

కోడలు కంగారుపడి పరిగెత్తలేదు. దొరబాబు మెడ కిందుగా దూరి ముందుకొచ్చింది. వాడు అలవాటుగా జేబుకేసి మూతి చాచాడు. ఆమె అరచెయ్యి ఎత్తింది.

వాడు ఆలోచించాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె చెయ్యి దించి మెడ నిమిరి, మళ్లీ ఎత్తింది. ఇంకో అడుగు. అంతటి పిరుదులు అద్దాల పక్కనుంచి వెనక్కి జరుగుతుంటే లోపలి ఒక్క కప్పూ చప్పుడు చేయలేదు. భర్త మాత్రం తనే వెనక్కి నడుస్తున్నట్టు కాళ్లు కదుపుతున్నాడు.

పెరట్లో వాణ్ణి ఒంటరిగా వదిలేసి, ఆమె వెనక్కి చూడకుండా మెట్లదాకా నడిచొచ్చింది. ఇంట్లోంచి మూడో సకిలింపు వచ్చింది. ఈసారి దీనంగా. దొరబాబు ఒక చెవి అటు తిప్పి, కోడలికేసి చూసి, తల దించి గడ్డి కొరికాడు.

మేడమ్ కోడలివైపు తిరిగింది. "పదేళ్ల గుర్రాలున్నాయమ్మా నా దగ్గర. నడవలోంచి ఇలా వెనక్కి రావు. సోమవారం బండి పంపిస్తాను. గుర్రంతోపాటు నువ్వూ రావాలి, మావాళ్లకు నేర్పడానికి." ఇంటికేసి చూసింది. "అంతా బాగుంది గానీ, లోపల ఇంకో గుర్రాన్ని దాచారా?"

భర్త వెళ్లి గది తలుపు తోశాడు. మంచం మీద మామగారు, నోటి చుట్టూ రెండు చేతులూ దోనెలా పెట్టుకుని ఉన్నారు. పక్కన గొంతు పుక్కిలించడానికి వేడినీళ్ల గ్లాసు.

"నాన్నా! నువ్వా?"

"వాడు అరిస్తే పలకొద్దన్నానుగా మామయ్యా!" అంది కోడలు.

ఆయన చేతులు దించుకున్నారు. "నిన్న సాయంత్రం వాడు పిలిస్తే ఉండబట్టలేక అవ్వలా పలికానమ్మా, ఊరుకున్నాడు. ఇవాళా పిలుస్తాడని పొద్దుట్నుంచీ గొంతు సవరించుకుని కూర్చున్నాను. వాడు పిలవలేదు. అందుకే నేనే పిలిచాను."