నిర్దోషి సంతకం

"ఇకమీదట ఏ నిర్దోషీ తాను నిర్దోషినని నిరూపించుకోవడానికి కాళ్లరిగేలా తిరగక్కర్లేదు. ఒక్క దరఖాస్తు చాలు!" అని మంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు స్కూలు బస్సు డ్రైవరు. పాపం, అవసరం అలాంటిది.

అతను పారేసుకున్న లైసెన్సు ఒక దొంగకి దొరికింది. వాడు తాళం పగలగొడుతూ పట్టుబడి, పేరడిగితే ఆ లైసెన్సు తీసి చూపించాడు. దాంతో దొంగ లాకప్పులో, కేసు డ్రైవరు పేరు మీద. "మచ్చలేని కాగితం తెస్తేనే సోమవారం స్టీరింగు ముట్టుకో" అని హెడ్మిస్ట్రెస్ తేల్చేసింది. పద్నాలుగేళ్లుగా పిల్లల ఒంటి మీద గీత పడకుండా ఇంటికి చేర్చిన మనిషికి ఏడుపొక్కటే తక్కువ.

పోలీసు స్టేషను మేడ మీద కొత్తగా తెరిచిన నిర్దోషుల విభాగంలో గుమాస్తా ఎంత మర్యాదస్తుడంటే, కుర్చీ తనే తుడిచి మరీ వేశాడు. దరఖాస్తు చూసి మాత్రం నొచ్చుకున్నాడు.

"సంతకం రికార్డుతో కలవట్లేదండీ."

"ఎలా కలుస్తుంది బాబూ? రికార్డులో ఉన్నది దొంగ పెట్టింది!"

"ఎవరు పెడితేనేం, ఈ పేరుకి మా దగ్గరున్నది ఆ సంతకమే. కలిస్తే గానీ ఫైలు కదలదు."

"నా పేరు నేను రాసుకుంటే తప్పా?"

"తప్పని నేనన్నానా? కలవట్లేదంటున్నా."

డ్రైవరు నమూనా అడిగి తీసుకుని ఇంటికెళ్లి, పాత నోటుబుక్కు నిండా దొంగ సంతకం దిద్దాడు. భార్య తొంగిచూసి, "ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడి దస్తూరీ మీ దస్తూరీ కంటే బాగుంది" అంది. ఎంత దిద్దినా చివరి మెలిక కుదరలేదు.

మర్నాడు గుమాస్తాకి జాలేసింది. "ఎందుకండీ ఈ తిప్పలు? పెట్టినవాడు కింద లాకప్పులోనే ఉన్నాడుగా, అడిగి చూడండి."

దొంగ కాదనలేదు. "మీ పేరు చెప్పుకుని రెండు పూటలా తింటున్నానన్నా, ఆమాత్రం చెయ్యనా?" అంటూ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి మూడు కాపీల మీదా సంతకం చేసిచ్చాడు. డ్రైవరుకి నిజంగానే కళ్లు చెమర్చాయి.

శనివారం మంత్రిగారి చేతుల మీదుగా మొట్టమొదటి నిర్దోషి పత్రం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యతో ముందు వరసలో కూర్చున్న డ్రైవరు తన పేరు వినగానే లేచాడు. ఈలోపు ఇద్దరు కానిస్టేబుళ్లు రెండోవైపు నుంచి దొంగని తీసుకొచ్చి వేదిక ఎక్కించారు. ఆ పేరు నిర్దోషిదని తేలాక, ఆ పేరుతో లోపలున్నవాణ్ణి వదలక ఏం చేస్తారు? మంత్రిగారు వాణ్ణి కౌగిలించుకుని, "అమాయకుణ్ణి ఎంత క్షోభపెట్టార్రా!" అని బావురుమన్నారు. దొంగ కూడా మర్యాదకి ఏడ్చాడు. విలేకరులు ఫోటోలు తీసుకున్నారు.

డ్రైవరు పరుగున వెళ్లి గుమాస్తాని పట్టుకున్నాడు. "బాబూ, అది నా పేరు! మరి నా సంగతేంటి?"

"మీకు మాత్రం అన్యాయం జరగనిస్తామా? ఫైల్లో నిర్దోషి ఒకరు, దోషి ఒకరు ఉండాలండీ. నిర్దోషి ఇప్పుడే వెళ్లిపోయాడు. కింద గది ఖాళీగానే ఉంది, రండి."

సోమవారం పొద్దున్న హెడ్మిస్ట్రెస్ తన ముందుకొచ్చిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పేరు సరిపోయింది. మచ్చ ఎక్కడా లేదు. బస్సు తాళాలు చేతికిస్తూ, "ఇదేదో ముందే తెస్తే సరిపోయేదిగా!" అని దొంగని ముద్దుగా కసిరింది.