ప్రసాదం తినకుండా కదిలితే

ఆ ఆదివారం పొద్దున దామోదర్ వేసుకున్న ప్లాను చిన్నదే: స్నేహితుడు రాధాకృష్ణ ఇంట్లో నెలనెలా జరిగే సత్యనారాయణ వ్రత కథను భోజనాల వేళకల్లా ముగించడం. అమెరికాలోని ఎడిసన్‌లో పురోహితుడు దొరకని రోజులవి. పూజ ఎవరికి వారు పుస్తకం చూసి చేసుకునేవారు గానీ, కథకు మాత్రం దామోదర్ రావలసిందే. ఉద్యోగం మందుల కంపెనీలోనైనా దేవుడి కథలంటే చెవి కోసుకునేవాడు. పుస్తకంలో ఒక్క ముక్కలో మునిగే ఓడ అతని నోట పడితే తుఫాను, తిమింగలం అన్నీ చూసి గానీ మునిగేది కాదు. అందుకే రాధాకృష్ణ ఇండియా నుంచి కథ క్యాసెట్ తెప్పించి, ఫోన్లోనే తేల్చేశాడు: "ఈసారి లేటైతే వచ్చే నెల నుంచి క్యాసెట్టే, బ్రదర్!"

దామోదర్‌కి రోషం పొడుచుకొచ్చింది. తన కథను ఒక డబ్బా చెబుతుందా! దారి పొడుగునా మనసులో తుఫానును కత్తిరించుకుంటూ వచ్చి, అదే ధ్యాసలో పక్కింటి డ్రైవ్‌వేకి అడ్డంగా కారు పార్క్ చేశాడు.

"డిక్కీలో ప్రసాదం గిన్నె ఉంది, తీసుకురండి" అంది భార్య జయంతి, పూలబుట్టతో లోపలికి పోతూ.

"ఊఁ" అన్నాడు దామోదర్. అప్పటికే అతను నడిసముద్రంలో ఉన్నాడు.

కథ మొదలైంది. పిల్లలు నోళ్లు తెరిచారు. ఇంకేముంది, కత్తిరించిన తుఫాను కాస్తా తిరిగొచ్చింది. కళావతి ప్రసాదం తినకుండా మొగుణ్ణి చూడటానికి పరుగెత్తింది, రేవులో అతని ఓడ మునుగుతోంది... సరిగ్గా అప్పుడే డోర్ బెల్ మోగింది. రాధాకృష్ణ సగం లేచాడు. భార్య రాధారాణి పంచె పట్టుకుని లాగింది.

"కూర్చోండి! మధ్యలో లేస్తే ఏమవుతుందో వింటున్నారుగా!"

బెల్ మోగి మోగి ఊరుకుంది.

ఎట్టకేలకు ఓడ తేలింది, నైవేద్యం వేళయింది. "గిన్నేదండీ?" అంది జయంతి. దామోదర్ కిటికీలోంచి చూశాడు. కారు లేదు! బెల్ కొట్టి విసిగిపోయిన పక్కింటావిడ టో ట్రక్‌ని పిలిచి లాగించేసింది.

"పోనీ, అరటిపండుతో కానిచ్చేద్దాం" అన్నాడు రాధాకృష్ణ నీరసంగా.

"అమ్మో, వద్దండీ!" వచ్చినవాళ్లలో నళిని అనే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "మా ఆయన ఫ్లైట్‌లో ఉన్నారు. ఇంత విన్నాక ఆ ప్రసాదం తినకుండా నేను గడప దాటను!"

దాంతో ఒక్కరూ కదల్లేదు, భోజనానికి చేసిపెట్టిన పులిహోర జోలికి పోలేదు. రాధాకృష్ణ తన కారులో దామోదర్‌ని టోయింగ్ యార్డుకు తీసుకెళ్లాడు. దారి పొడుగునా వాచీ చూసుకుంటూనే ఉన్నాడు. అదే దామోదర్‌ని ఎక్కువ భయపెట్టింది. ఇక కథ చెప్పే యోగం తనకు లేదనుకున్నాడు.

కారు విడిపించుకుని గిన్నెతో వచ్చేసరికి ఎండ వాలింది. రాధాకృష్ణ కూతురు మీనా గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "అంకుల్! మమ్మీ టేప్ పెట్టింది. అందులో షిప్ ఊరికే మునిగింది. నో స్టార్మ్, నో వేల్! నువ్వు చెప్పు!"

"అది మోగుతుంటే అందరూ కుదురుగా కూర్చుంటేనా!" అంది రాధారాణి. "సగంమంది లేచి కాఫీలకి పోయారు."

నైవేద్యం, హారతి అయ్యాయి. నళిని ప్రసాదం కళ్లకద్దుకుంటుండగా మొగుడు క్షేమంగా దిగానని ఫోన్ చేశాడు. రాధాకృష్ణ ఆవురావురుమంటూ పులిహోర వడ్డించుకుని, "భయం లేకపోతే భక్తి ఎక్కడుంటుంది బ్రదర్! వచ్చే నెలా నువ్వే చెప్పు" అన్నాడు. దామోదర్ సంతోషంగా అతనికి ఇంకో గరిటె పులిహోర వడ్డించాడు.

అన్నట్టే మరుసటి నెల కథ దామోదరే చెప్పాడు. కారు మాత్రం జయంతి పార్క్ చేసింది.