పద్నాలుగు కేజీల ఆరో తరగతి

బడిసంచి బరువు తగ్గించాలనేవాళ్లు పిల్లల పాలిటి శత్రువులు! ఈ మాట ఊరికే అనడం లేదు. మా అమ్మాయి భవ్య ఆరో తరగతి. దాని సంచిని స్వయంగా మదనపల్లె టమోటా మార్కెట్‌కు మోసుకెళ్లి, కాటా వేయించి మరీ అంటున్నాను.

కాటా దగ్గరుండే అంజినప్ప, టమోటాకు తీసినట్టే దీనికీ అలవాటుగా కేజీ తరుగు తీసేశాడు. "పన్నెండప్పా. తరుగు పోతే పదకొండు. లోడు యాడికి?"

"ఆరో తరగతికి."

అంజినప్ప నవ్వలేదు. పాపం, హాస్యం తెలియని మనిషి.

అసలు ఈ బరువులో ఎన్ని లాభాలున్నాయో ఎవరైనా ఆలోచించారా? సంచి తగిలించుకున్న పిల్ల బడి ఎగ్గొట్టి పారిపోలేదు. పుంగనూరు బస్సులో సీటు దొరక్కపోతే సంచి దించి దానిమీదే కూర్చోవచ్చు. కుప్పంలో మొన్నటి గాలివానకు మా బావమరిది గొడుగు ఎగిరిపోయింది, పక్కనే సంచితో ఉన్న కొడుకు మాత్రం అంగుళం కదల్లేదు! ఇక వినయమంటారా, మా చిన్నప్పుడు పెద్దల ముందు తల వంచమని చెప్పి చెప్పి నేర్పేవాళ్లు. ఇప్పుడా శ్రమ లేదు. పొద్దున్నే సంచి తగిలిస్తే చాలు, తల దానంతటదే వంగుతుంది.

ఇంతటి సంచి మీద ఈ ఏడాది పెద్ద కుట్ర జరిగింది. బడి కరస్పాండెంట్ రామమూర్తిగారు పేరెంట్స్ మీటింగులో పలకలాంటి ఎలక్ట్రానిక్ మిషనొకటి ఎత్తి చూపించి, ఏడాది పుస్తకాలన్నీ ఇందులోనే ఉన్నాయని ప్రకటించారు. బరువు పావు కేజీ! అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం గుండె జారిపోయింది. పావు కేజీ చదువుతో ఏ పిల్ల బాగుపడుతుంది?

మా ఆవిడ సరోజమ్మ ఏటా జూన్‌లో పుస్తకాలకు చేసినట్టే మిషనుకూ బ్రౌన్ పేపరు అట్ట వేసి, పేరు చీటీని సరిగ్గా తెర మధ్యలో అంటించింది. చదవాల్సింది అక్కడేనని తెలిసేసరికి జిగురు ఆరిపోయింది.

నా భయం వారానికే తీరింది. మిషనుతో పాటు పుస్తకాలూ తేవాలని బడి నుంచి చీటీ వచ్చింది. ఎందుకండీ అని వెళ్లి అడిగాను.

"కరెంటును నమ్ముకొని పుస్తకాలు మానేస్తే ఎట్టప్పా? ఛార్జింగ్ అయిపోతే పిల్లోళ్లు యాడ సూసి సదవాల?" అన్నారు రామమూర్తిగారు.

న్యాయమే కదా! ఇక మిషన్లో చదివినట్టు రుజువు కావాలి కాబట్టి, అదంతా చేత్తో రాసి చూపించడానికి ఇంకో నాలుగు లాంగ్ నోట్సులు. తెర పగలకుండా ఒక రేకు పెట్టె. ఛార్జరు సరేసరి.

ఆనందం పట్టలేక మళ్లీ కాటాకు పోయాను. ఈసారి సంచి మోసుకుంటూ భవ్యే వచ్చింది.

"పద్నాలుగు," అన్నాడు అంజినప్ప.

"తరుగు తియ్యలేదేమప్పా?"

అతను భవ్య భుజాల మీద పట్టీలు ఒరుసుకున్న ఎర్రటి చారల వైపు చూశాడు. "సంచిలో తరుగు యాడుండాదప్పా? తరిగిపోతాండేది ఆ పాప గదా."

హాస్యం తెలియదని ముందే చెప్పాను.

మొన్న బడిలో డ్రాయింగ్ పోటీ పెట్టారు. 'బడి దారిలో నేను చూసేవి' అన్నది అంశం. మా ఇంటి నుంచి బడి దాకా ఎదురుగా హార్సిలీ కొండ కనబడుతూనే ఉంటుంది. భవ్య బొమ్మలో కొండ లేదు, ఆకాశం లేదు. కంకర రాళ్లు, ఒక సోడా మూత, ముందు నడిచే పిల్ల మడమలు రెండు. అంతే.

"కొండ యాడమ్మా?" అన్నాను.

"ఏ కొండ నాయనా?" అంది.

ఇంతసేపూ మీతో పరాచికాలాడిన నాకు అక్కడ ఏడుపొచ్చింది.

బొమ్మకు ఫస్ట్ ప్రైజు వచ్చింది లెండి. ఇంత లావు డిక్షనరీ ఇచ్చారు. సోమవారం నుంచి అదీ సంచిలో పెట్టుకుని రమ్మన్నారు.