అడుగుకు అర అంగుళం

టేపు పోయిన రోజు ఉదయం దుకాణంలో అనుకున్న పని వేరు. ఫైర్ స్టేషన్ వాళ్ల పదిహేను చొక్కాలు మధ్యాహ్నానికి కత్తిరించాలి. ఆ తరువాత, అమ్మ పోయే ముందు తన కోసం కొలతలు రాసిపెట్టిన ఆకుపచ్చ చొక్కా మొదలుపెట్టాలని అరంగుళం అనుకుంది. ఆ పేరు ఊరు పెట్టింది. ఆటిజం ఉన్న ఆ అమ్మాయికి అర అంగుళం తేడా చెప్పులో రాయి.

చివరగా కొలతలకు వచ్చినవాడు స్టేషన్ ఆఫీసరు. పొట్ట నలభై ఆరు అని పైకి చదివి, పుస్తకంలో రాసి, ఆమె మెడ కొలతకు టేపును ఆయన మెడ చుట్టూ వేసింది. అంతలో సైరన్ మోగింది. కళ్లు, చెవులు గట్టిగా మూసుకుని బల్ల కింద దూరింది. బయటికి వచ్చేసరికి ఆఫీసరూ లేడు, టేపూ లేదు.

"పిన్నీ, అమ్మ టేపు ఆఫీసరు గారి మెడలో వెళ్లిపోయింది."

"ఆయనకి మన టేపెందుకే?" అంది ఇప్పుడు దుకాణం నడుపుతున్న పిన్ని. "బయట అనేవు, పరువు పోతుంది. ఇదిగో, కొత్తది."

"ఇది వేరు. అమ్మ టేపు అడుగుకి అర అంగుళం సాగింది. ఆ అంకెలకి దీంతో కత్తిరిస్తే బిగుతైపోతాయి. లెక్క కట్టి కలపనా?"

"పుస్తకంలో ఉన్నదానికి నీ లెక్కలెందుకు? నేను కత్తిరిస్తా, నువ్వు కుట్టు."

ఆమె కుట్టింది. టేపు లేని మెడను ఎడమచేయి మాటిమాటికీ తడుముకుంటూనే ఉంది. ఫైర్ స్టేషన్ చొక్కాలకైతే లెక్క కట్టి కలిపినా సరిపోయేది. అమ్మ రాసిన అంకెలకు మాత్రం అమ్మ టేపే కావాలి.

స్టేషన్‌లో సిబ్బంది తొడిగిన ఒక్క చొక్కాకూ గుండీ పట్టలేదు. "తిని పడుకుంటే ఇంతే," అన్నాడు ఆఫీసరు. తన చొక్కా పొట్లమైనా విప్పకుండానే సిబ్బందికి రోజూ పది చుట్ల పరుగు పెట్టించి, భోజనం సగం చేశాడు. "ఇప్పుడు నా వంటకి వంక పెడతారా?" అని వంటాయన గరిటె పడేసి అక్క ఇంటికి వెళ్లిపోయాడు. ఆకలికి తాళలేక సిబ్బంది పూటకోసారి ఫైరింజన్‌తో సహా బేకరీకి వెళ్లసాగారు. అక్కడేదో అంటుకుంటోందని జనం బేకరీ గుమ్మం తొక్కడం మానేశారు. బేకరీ ఆయన స్టేషన్ మీదికి వచ్చాడు. చొక్కాల సంగతి తేల్చడానికి పిన్నినీ పిలిపించారు. అరంగుళం వెనకే వచ్చింది.

అందరి ముందూ ఆఫీసరు తన చొక్కా తొడిగాడు. గుండీ ఎగిరి బేకరీ ఆయన కళ్లజోడుకు తగిలింది.

"కుట్టడం రాక మమ్మల్ని లావంటారా?" అన్నాడు ఆఫీసరు. "నా పొట్ట నలభై ఆరే. రోజూ పొద్దున్నే కొలుచుకుంటున్నా." జేబులోంచి టేపు తీసి చుట్టి చూపించాడు.

"అది అమ్మది," అంది అరంగుళం. "మీ పొట్ట నలభై ఎనిమిది."

పిన్ని కొత్త టేపుతో కొలిచింది. నలభై ఎనిమిదే. ఆమె తల దించుకుంది. పరుగులు పెట్టిన పద్నాలుగు మందీ ఆఫీసరు వైపు చూశారు.

"ఇచ్చేద్దామనే అనుకున్నానమ్మా," అన్నాడాయన మెల్లగా. "ఇంత మర్యాదగా మాట్లాడే టేపు నాకెక్కడా దొరకలేదు."

కుట్లు విప్పి చొక్కాలు వదులు చేశారు. వంటాయన తిరిగి వచ్చాడు. టేపు అరంగుళం మెడలోకి చేరింది. ఆఫీసరు వారానికోసారి వచ్చి దానితోనే కొలిపించుకుంటున్నాడు.

ఆకుపచ్చ గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. పక్కన కత్తెర ఉంది. కత్తిరిస్తే అమ్మ రాసిపెట్టిన పని అయిపోతుందని, అరంగుళం ఆ చొక్కా ఇంకా కత్తిరించలేదు.