మర్యాద కత్తిరింపు

అడవి చాలా పెద్దది. అందులో ఆసుపత్రి మాత్రం ఒక్కటే. ఒక్క ఆసుపత్రి, ఒక్క డాక్టరు, ఒక్క నర్సు. తిట్టేవాళ్లకు మాత్రం కొరత లేదు.

డాక్టరు తాబేలు. చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. ఎక్కడైనా గొంతు లేస్తే తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుని, గొడవ చల్లారాక బయటికొచ్చేవాడు. అందుకే ఆయనకు అడవిలో చాలా మంచి పేరు.

నర్సు ఏదుపంది. పేరు సూదమ్మ. ఒంటినిండా జానెడేసి ముళ్లు. ఆసుపత్రిలో సూదులు కూడా అవే. వీపు మీది ముల్లొకటి పీకి, ఊటనీళ్లలో కడిగి, అందులో ఆకుపసరు నింపి గుచ్చేది. ఒకరికి వాడిన ముల్లు ఇంకొకరికి వాడేది కాదు. పీకినచోట మళ్లీ మొలవడానికి నెలలు పట్టేది. పద్నాలుగేళ్ల సర్వీసులో అడవిలో సగం ప్రాణులు ఆమె ఒంటి ముక్కతోనే బతికి బట్టకట్టాయి. ఆ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమె ఫలానా రోజున నవ్వకుండా మందిచ్చిన సంగతి అందరికీ గుర్తుండేది.

ఒక సోమవారం ఉదయం వరుసలో ఇరవై మంది ఉన్నారు. అందరికంటే ముందు ఒక దుప్పి, పక్కన జ్వరంతో కాలిపోతున్న పిల్ల. ఆ ఇద్దరినీ తోసుకుని వరహాలు వచ్చి నిలబడ్డాడు. వరహాలు అడవిపంది. పెద్దపులిగారి ఊరేగింపుల్లో ముందు నడిచేవాడు. ఆరోజు ఆయనకున్న జబ్బు, కోరకు కాస్త పాచి పట్టడం.

"ఏమే, డాక్టర్ని పిలువు."

"వరుసలో రండి సార్. పిల్లకు జ్వరం ఎక్కువగా ఉంది."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. ఇరవై ఒకటో నంబరు."

వరహాలు అందుకున్నాడు. ముందు ఆమె జాతిని తిట్టాడు. తర్వాత ఆమెను కన్నతల్లిని. ఆ తర్వాత, పదిమంది ఒళ్లు ముట్టుకునే ఇలాంటి ఉద్యోగాలకు ఎలాంటి ఆడవాళ్లు వస్తారో వివరంగా చెప్పాడు. మందుల దొప్పలను కోరతో ఎగరగొట్టాడు. వరుసలో ఉన్నవాళ్లు నేల చూశారు. డాక్టరుగారు లోపలికి వెళ్లారు. గదిలోకి కాదు, డిప్పలోకి.

సూదమ్మ ముళ్లు లేచాయి. భయానికి మనకు రోమాలు లేస్తాయే, అలాగే. ఇంకో తిట్టు ఆమె మొహం మీదే తిడదామని వరహాలు మూతి ముందుకు చాచాడు. నాలుగు ముళ్లు ఆ మూతిలో దిగాయి.

"కొట్టింది! రోగిని నర్సు కొట్టింది!"

"ఇటు కూర్చోండి సార్. తీసి, కడిగి కట్టు కడతాను. ముల్లు గాయం ఊరికే వదిలేస్తే చీము పడుతుంది."

"కడుగుతావా? సాక్ష్యం కడిగేద్దామనా? ముట్టుకున్నావంటే చూడు!"

గాయం కడగనివ్వకుండా, ముళ్లతోనే నేరుగా మర్యాద కమిటీ దగ్గరికి వెళ్లాడు.

కమిటీ అధ్యక్షులు కొంగగారు. ఒంటికాలి మీద నిలబడతారు గనక ఏం చేస్తున్నా తపస్సులాగే కనిపిస్తుంది. ఆయన స్వయంగా ఆ నాలుగు ముళ్లూ లాగి, మోదుగాకులో పొట్లం కట్టించి, చిలుక చేతిలో పెట్టారు. అడవిలో కాగితం లేదు. చిలుకే రికార్డు. విన్నది విన్నట్టు, ఎవరి గొంతులో వింటే ఆ గొంతులోనే అప్పజెబుతుంది.

బుధవారం విచారణ. సోమవారం ఆసుపత్రి గుమ్మం మీదే ఉన్న చిలుక మొదలుపెట్టింది. "ఏమే, డాక్టర్ని పిలువు" దగ్గర్నుంచి "ఇరవై ఒకటో నంబరు" దాకా సాఫీగా సాగింది. ఆ తర్వాతి మాట సగంలో ఉండగానే కొంగగారు రెక్కలతో చెవులు మూసుకున్నారు.

"ఆగాగు! ఇది సభ. ఆ మాటలు ఇక్కడ పలకకూడదు. తీసెయ్."

చిలుక తీసేసింది. ఇక రికార్డులో మిగిలింది ఇంతే: వరహాలుగారు డాక్టర్ని పిలవమన్నారు. నర్సు ఆయన్ని నంబరు పెట్టి పిలిచింది. నాలుగు ముళ్లు దిగాయి.

"అయ్యా, మధ్యలో ఆయనన్న మాటలో?" అని అడిగింది సూదమ్మ.

"అవి సభలో పలకలేనంత నీచంగా ఉన్నాయమ్మా."

"నా ఫిర్యాదు కూడా అదే కదయ్యా."

"రికార్డులో లేనివాటి మీద విచారణ ఎలా కుదురుతుంది? అయినా ఆడదానివి, వాటిని తలుచుకోవడం నీకు మాత్రం గౌరవమా? మర్చిపో."

డాక్టరుగారిని పిలిచి అడిగారు. ఆ సమయంలో తను డిప్పలో ఉన్నానని, లోపలికి ఏమీ వినపడదని ఆయన చెప్పారు. "ఏమైనా, ముళ్లు లేవడం అనేది సిబ్బందికి తగని పని" అని చేర్చి, మళ్లీ లోపలికి వెళ్లారు.

తీర్పు వచ్చింది. రోగుల మనసు నొచ్చుకోకుండా నర్సు ముళ్లను మొదలంటా కత్తిరించాలి. దానికి మర్యాద కత్తిరింపు అని పేరు. ఒప్పుకోకపోతే ఉద్యోగం వదిలేయాలి.

"మరి సూదులో అయ్యా?"

"ఆ విషయం వచ్చే సమావేశంలో చూద్దాం."

వదిలేసి పోదామనే అనుకుంది సూదమ్మ. పోవడానికి సిద్ధపడి గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలో దుప్పి కూర్చుని ఉంది. పిల్లకు వేయాల్సిన ఐదు సూదుల్లో ఇంకా మూడున్నాయి. బాలింత కుందేలుకు రెండున్నాయి. ముసలి ఎలుగుబంటికి నాలుగు. ఆమె వెనక్కి తిరిగి, కత్తిరించేముందు తొమ్మిది ముళ్లు పీకి పెట్టుకుంటానని అడిగింది. కమిటీ పెద్ద మనసుతో అనుమతించింది. తొమ్మిదింటినీ ఎవరివి వారికి పొట్లాలు కట్టి దాచాక, ఉడుతలు వచ్చి మిగతావన్నీ కొరికి పిప్పి చేశాయి.

బోడి వీపుతో సూదమ్మ ఊట దగ్గరికి వెళ్లి నీళ్లలోకి చూసింది. చూసి, మళ్లీ చూడలేదు.

"ఇప్పుడు ఎంత కళగా ఉందో!" అన్నారు కొంగగారు.

ముళ్లు లేవని తెలిశాక కుందేళ్లు కూడా తిట్టడం నేర్చుకున్నాయి. వారం తిరిగేసరికి పొట్లాలు ఖాళీ అయ్యాయి. దుప్పి పిల్ల బయట గెంతులేస్తోంది. కొత్తగా వచ్చినవాళ్లకు పసరు పూసి, ఆకు కట్టి పంపేస్తోంది సూదమ్మ. పంపిన ప్రతివాళ్లూ సూదులు లేనందుకు ఆమెనే తిట్టి వెళ్తున్నారు.

మరో సోమవారం వరహాలు వచ్చాడు. మూతి గుమ్మడికాయంత అయింది. తిండి లేదు, నేల తవ్వే ఓపిక లేదు. ముసలితల్లి పక్కన నడిపిస్తూ తీసుకొచ్చింది.

"అక్కయ్యా," అన్నాడు వరహాలు, మూతి కదిలినంత మేరకు. "ఎంతైనా నువ్వూ పందివే, మేమూ పందులమే."

సూదమ్మ చూసింది. "కడగలేదు కదా. చీము పట్టి లోపలికి దిగింది. రోజుకొకటి చొప్పున నాలుగు సూదులు పడాలి. లేకపోతే మనిషి దక్కడు. కానీ సూదులు లేవు సార్. మర్యాద కోసం తీసేశారు."

ముసలిపంది నేల మీద కూలబడింది. సూదమ్మ ఆమెకేసి ఒక క్షణం చూసింది.

"ఆ పొట్లంలో నాలుగున్నాయి, చిలుక దగ్గర. కడిగితే పనికొస్తాయి. ఎలాగూ ఈయనకు వాడినవే."

కొంగగారిని, పొట్లంతో సహా చిలుకను పిలిపించారు. ఆయన రెండో కాలు కూడా కింద పెట్టారు.

"సాక్ష్యం విప్పాలంటే ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. తీసుకోవాలంటే జరిగిందంతా ఫిర్యాదు చేసినాయన తన నోటితో, మధ్యలో ఏదీ వదలకుండా, రికార్డుకు చెప్పాలి. నిబంధన. నేనే పెట్టాను."

"ఆ మాటలు పలకకూడదన్నారు కదా?" అన్నాడు వరహాలు ఆశగా.

"సభలో పలకకూడదన్నారు సార్," అంది సూదమ్మ. "ఇది ఆసుపత్రి. ఇక్కడ పలకొచ్చు. ఆరోజు పలికారు కదా."

వరహాలు మొదలుపెట్టాడు. చిలుక మెడ వంచి వింది.

"వినపడలేదు. మళ్లీ," అంది.

మళ్లీ చెప్పాడు, గట్టిగా. వరుసలో ఉన్న ఇరవై మందీ ఈసారి నేల చూడలేదు. జాతి మీద తిట్లు పూర్తిచేసి, "అంతే" అన్నాడు.

"అంతే కాదు సార్," అంది సూదమ్మ. రోగికి పూటలు గుర్తుచేసే గొంతే అది. "మా అమ్మ మీద ఒకటుంది. నా ఉద్యోగం మీద రెండున్నాయి. త్వరగా కానివ్వండి, మీ ఒళ్లు కాలిపోతోంది."

వరహాలు తల్లివైపు చూశాడు.

"చెప్పరా," అంది ముసలిపంది. "ఇంతమందిలో ఆ అమ్మాయితో అన్నవాడివి, నాకు చెప్పడానికేం?"

చెప్పాడు. తల్లి చివరిదాకా విని, లేచి, కొడుకు పక్కనుంచి వెళ్లి వరుస చివర నిలబడింది. ఆమెకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఆమెది ఇరవై ఒకటో నంబరు.

డాక్టరుగారు ఆ వేళ డిప్పలోకి వెళ్లడం మర్చిపోయారు. అన్నీ వినపడ్డాయి.

పొట్లం విప్పారు. సూదమ్మ ముళ్లు కడిగింది, పసరు నింపింది. "మూతి కదపకండి సార్. కాస్త నొప్పెడుతుంది," అంది. దుప్పి పిల్లకు ఎంత నెమ్మదిగా గుచ్చిందో అంతే నెమ్మదిగా గుచ్చింది. నాలుగు రోజుల్లో వాపు తీసింది.

వరహాలు ఇప్పుడు ఊరేగింపుల్లో ముందు నడవడం లేదు. దారిలో ఏదో ఒక కొమ్మ మీద చిలుక ఉంటుంది. రికార్డు అడిగినవాళ్లకు మొత్తం అప్పజెబుతుంది, ఆయన గొంతుతోనే. అడగనివాళ్లకూ అప్పజెబుతుంది.

మర్యాద కమిటీ మళ్లీ కూర్చుంది. సూదుల కొరత వల్ల నర్సు ముళ్లను ప్రస్తుతానికి పెరగనివ్వాలని తీర్మానించింది. తిట్లను ఆపాలా వద్దా అన్నదాని మీద సభ్యులకు ఏకాభిప్రాయం కుదరలేదు. అది రోగుల అలవాటు, హఠాత్తుగా మాన్పిస్తే ఆరోగ్యానికి మంచిది కాదన్నారు.

చివరికి అందరికీ నచ్చిన తీర్మానం ఒక్కటే దొరికింది. సూదమ్మ వీపు మీద వేలెడు ముళ్లు మొలిచిన నాటినుంచి, చిలుక రోజూ పొద్దున్నే ఆసుపత్రి గుమ్మం మీద వాలి, కొంగగారి గొంతుతో దాన్ని చదువుతోంది:

"సిబ్బందిని తిట్టదలచినవారు ముందుగా సూది వేయించుకోవలెను."