లీనా కోసం ప్రార్థన

ప్రేమ్ కుమార్‌ని బాపట్ల ఆఫీసులో అందరూ జీవో ప్రేమ్ కుమార్ అంటారు. సర్కారు ఉత్తర్వుగా ఇంగ్లీషులో అచ్చయి రాకపోతే ఆయన వానని కూడా వానగా ఒప్పుకోడు.

అలాంటి మనిషితో కన్నకూతురు ఇరవై రోజులుగా మాట్లాడటం లేదు. పదో తరగతి పాసైన కరుణశ్రీని వచ్చే సోమవారం హాస్టలున్న కాలేజీలో చేర్చాలని ఆయన తీర్మానించాడు. పిల్ల ‘వెళ్ళను’ అంది. తండ్రి ‘వెళ్తావు’ అన్నాడు. అంతే, ఆ పిల్ల నోరు మూసేసి ఒక లావుపాటి ఇంగ్లీషు నవల తెరిచింది. చినుకు రాల్చని జూన్ మబ్బు తెనాలిని ఉక్కపోతతో చంపుతోంటే, ఇంట్లో ఈ మౌనం ఆయన్ని చంపుతోంది. ‘నాన్నా’ అన్న పిలుపు వినపడక ప్రాణం సగమైంది. ఆ సంగతి పైకి చెప్తే తన ఉత్తర్వు తానే రద్దు చేసుకున్నట్టవుతుందని మింగేశాడు.

“అంతా ఆ పుస్తకం వల్లే. అది పట్టుకున్నాకే పిల్ల మూగదైంది,” అన్నాడు భార్యతో.

“మీ మాట విన్నాక కాదూ?” అంది నిర్మల, వంకాయలు తరుగుతూ.

“విషం ఏ పేజీలో ఉందో పట్టుకుని నీ ముందు పెడతా చూడు.”

పథకం తయారైంది. పిల్ల రెండుసార్లు చదివి పక్కన పడేసిన నవలని ఆయన తన బైబిలు జిప్పు కవరులో దాచి, రోజూ బాపట్ల వెళ్ళే రైల్లో చదవసాగాడు. తప్పు కనపడిన చోటల్లా గీయడానికి ఎర్ర పెన్ను సిద్ధం. అంత భక్తిగా చదువుకునే మనిషని తోటి ప్రయాణికులు కిటికీ పక్క సీటు కూడా ఇచ్చారు.

నవల రెండొందల ఏళ్ళ తరవాతి లోకం గురించి. అక్కడ పదహారేళ్ళు నిండగానే పిల్లల్ని ఎత్తైన గోడల మధ్య పెట్టి, పేరు తీసేసి నంబరిస్తారు. పనిలో వెనకబడితే చీకటి గది. లీనా అనే పిల్ల ఆ చీకటి గదిలో కూర్చుని వాళ్ళమ్మ మొహం మరిచిపోకుండా ఉండాలని రోజూ గుర్తు చేసుకుంటూ ఉంటుంది. మంగళవారానికి ఎర్ర పెన్ను జేబులోంచి రావడం మానేసింది. చుండూరు స్టేషను దాటాక రుమాలు వచ్చింది.

“కొన్నిచోట్ల మనుషులకి పేర్లుండవట, నంబర్లేనట నిర్మలా. ఆఫీసులో ఎవరో చెప్పారు,” అన్నాడు ఆ రాత్రి అన్నం దగ్గర.

“మనకి ఆధార్ లేదా?”

“ఎవరేం చేసినా ఓ కన్ను కనిపెడుతూనే ఉంటుందట.”

“ఎదురింటి వరమ్మగారు లేరా?”

“పదహారేళ్ళకే పిల్లల్ని ఇంట్లోంచి తీసుకుపోతారట!”

“తీసుకుపోవడం ఎందుకండీ? కొందరు తండ్రులే దగ్గరుండి దిగబెట్టొస్తారు.”

ఆ మాట గట్టిగానే తగిలింది. తగలనట్టు, కూర బాగుందన్నాడు. ఆ పూట కూర లేదు, పచ్చడే.

బుధవారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం. రేపల్లె నుంచి ఆయన పెద్దమ్మ ఏసమ్మ వచ్చింది. ఆవిడ చర్చి స్త్రీల సమాజానికి పెద్దదిక్కు. ఎవరి కష్టం చెవినపడినా నోటుపుస్తకంలో రాసుకుని, అది తీరేదాకా దేవుణ్ణీ ఆ కష్టపడేవాళ్ళనీ కూడా వదలదు. చివరి ప్రార్థన ప్రేమ్ కుమార్‌ని చెయ్యమంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళకి చీకటి గది కనపడింది.

“ప్రభువా, అమ్మానాన్నలకి దూరంగా, గోడల మధ్య నంబరైపోయిన లీనా బిడ్డని జ్ఞాపకం చేసుకో…” అంటూ ఏడ్చేశాడు.

కళ్ళు తెరిచేసరికి ఇరవైమంది ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. పుస్తకంలోని పిల్ల అని చెప్పే ధైర్యం ఎక్కడిది? “తెలిసినవాళ్ళ పిల్ల,” అని ఊరుకున్నాడు. పెద్దమ్మ పేరు రాసుకుంది.

గురువారం రేపల్లెలో లీనా కోసం ఉపవాస ప్రార్థన. శుక్రవారం బాపట్లలో ఒకరి తరవాత ఒకరు గొలుసు ప్రార్థన. పిట్టలవానిపాలెం నుంచి ఎవరో ఫోన్ చేసి పిల్లకి అన్నమైనా పెడుతున్నారా అని ఏడ్చారు. శనివారం పొద్దున్నే రెండు ఆటోల్లో ఏసమ్మ, మరో ఏడుగురు దిగారు, కొల్లూరు అరటిగెలతో సహా. వాళ్ళలో అంద్రెయగారి భార్య లీనా కోసం చుడీదారు కూడా కుట్టించుకొచ్చింది. కరుణశ్రీ ఈడు పిల్లేననుకుని, పాపం చిక్కిపోయి ఉంటుందని ఆ కొలతకి రెండంగుళాలు తగ్గించిందట.

“పద, పిల్లని తీసుకొద్దాం. ఎక్కడుందిరా?” అంది ఏసమ్మ.

“చాలా దూరం పెద్దమ్మా.”

“బెజవాడా?”

“ఇంకా… రెండొందల…”

“రెండొందల కిలోమీటర్లైతే మాత్రం ఏంటి, రైళ్ళు లేవా? అసలు అలాంటి చోట కన్నబిడ్డని పడేసిన ఆ తండ్రెవడు? వాడి మొహం ఓసారి చూడాలి!”

ప్రేమ్ కుమార్ తన మొహం తువ్వాలుతో తుడుచుకున్నాడు. టీ తెచ్చిన నిర్మల మెల్లగా అంది: “లీనాని నేను చూళ్ళేదత్తయ్యా. సోమవారం అలాంటి చోటికే వెళ్ళే పిల్ల మాత్రం లోపలుంది.”

ఇంక దాచి లాభం లేక ఆయన బైబిలు కవరు జిప్పు లాగి నవల బల్ల మీద పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు.

“పుస్తకంలో పిల్ల కోసమట్రా నన్ను మూడు పూటలు పస్తులుంచావు?” అంది ఏసమ్మ. తరవాత లోపలికెళ్ళి కరుణశ్రీని బయటికి తీసుకొచ్చింది. ఆ పిల్ల ఒంటి మీద లీనా చుడీదారు ఉంది. ఎక్కడా వదులు లేదు, బిగుతు లేదు, కొలిచి కుట్టినట్టుంది. ఇన్ని రోజుల్లో తన కూతురు ఎంత చిక్కిపోయిందో అది చూసేదాకా ప్రేమ్ కుమార్‌కి తెలియలేదు. ఆయనకి సిగ్గేసింది.

అందరూ వెళ్ళిపోయాక కరుణశ్రీ వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

“నాన్నా.”

ఆయన ఉలిక్కిపడ్డాడు.

“లీనా కోసం అంత ఏడ్చావు కదా. నేను పక్కగదిలోనే ఉన్నాను నాన్నా.”

ఆయన పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. “వెళ్ళొద్దులేమ్మా. ఇక్కడే ఏదో కాలేజీలో చేరుదువుగాని. ఇప్పుడే ఫోన్ చేసి సీటొద్దని చెప్పేస్తా,” అన్నాడు.

“అక్కర్లేదండి. నేను మొన్న సోమవారమే చెప్పేశా,” అంది వంటింట్లోంచి నిర్మల.

“సోమవారమా! మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

నిర్మల గుమ్మం దగ్గరికొచ్చింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

“వెళ్ళొద్దని మీ అంతట మీరే అంటారేమోనని చూశానండి,” అంది.