మ్యాపులో పచ్చగా ఉన్న చోటు

సెలవురోజు పొద్దున్నే, కొండ కింద చెరువుగట్టున వేసుకున్న డేరా ముందు కూర్చుని పచ్చబాబు కాఫీ చప్పరిస్తున్నాడు. ఏ ఊళ్లో సిగ్నల్ అందుతుందో మ్యాపులో పచ్చరంగు వేసి చూపించడం ఫోను కంపెనీలో అతని పని. మ్యాపులో ఖాళీ కనిపిస్తే అతని చెయ్యి ఊరుకోదు. అందుకే ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది.

పదకొండింటికి అతని భార్యకు టీచరు ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. ఎన్ని అర్జీలు పెడితేనో వచ్చిన ఒకే ఒక్క పిలుపు. పైన ఇస్త్రీ కోటు, కింద పైజమాతో ఆమె సిద్ధంగా ఉంది.

"ఇంట్లోనే ఉండిపోదామంటే విన్నారు కాదు. ఇక్కడ సిగ్నల్ ఒక్క గీత కూడా లేదండీ!"

"ఎందుకుండదే? పచ్చగా వేసింది నేనే కదా!"

"వచ్చి చూసే వేశారా?"

పచ్చబాబు కప్పులో ఏదో పడ్డట్టు లోపలికి తొంగిచూశాడు.

ఆ తర్వాత పరుగే పరుగు. కారు పైకెక్కి చూశాడు, లాభం లేదు. పక్కనున్న పెద్ద బండ ఎక్కి చెయ్యెత్తితే ఒక గీత వచ్చింది. వెంటనే తన కంపెనీకే ఫోన్ చేశాడు.

"సార్, మీరున్న చోటు మా మ్యాపులో పచ్చగా ఉందండీ. లోపం మీ ఫోనుదే," అందొక అమ్మాయి.

"ఆ మ్యాపు వేసింది నేనేనమ్మా!" అని గొంతు చించుకున్నాడు.

"అయితే మీకు నేను చెప్పేదేముంది సార్!" అని పెట్టేసింది.

పచ్చబాబు కేక గట్టంతా వినిపించింది. డేరాల్లోంచి జనం బిలబిలమంటూ వచ్చారు. సెలవులోనూ ఫోను లేనిదే గడవనివాళ్లంతా ఆ పచ్చరంగు చూసే వచ్చారు మరి! "కంపెనీ ఆయనట! పట్టుకోండి!" అంటూ బండ చుట్టూ మూగి, తలా ఒక ఫోను పైకెత్తారు. ఉన్న ఒక్క గీతా పోయింది. భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పుకోండయ్యా!" అంటూ ఒక పెద్దావిడ అందరినీ తోసుకుంటూ వచ్చింది. "పదకొండింటికి నేనొక టీచరమ్మాయిని ఇంటర్వ్యూ చెయ్యాలి. పాపం, ఆ పిల్ల ఎక్కడ కూర్చుని ఎదురుచూస్తోందో!"

"ఇక్కడేనండీ!" అంది భార్య, ముక్కు తుడుచుకుంటూ తన పేరు చెప్పి.

స్కూలు ప్రిన్సిపాలైన ఆ పెద్దావిడ ఆమె పైజమాను ఎగాదిగా చూసి, "సరే, వీళ్లకే ఏదైనా పాఠం చెప్పు," అంది.

భార్య మొగుణ్ణి బండ మీదే నిలబెట్టి, "ఇది కొండ అనుకోండి," అంటూ మొదలుపెట్టింది. సిగ్నల్ ఎలా వస్తుందో, కొండ దాన్ని ఎలా అడ్డుకుంటుందో టార్చిలైటుతో చూపించింది. పాఠం అయ్యేసరికి చప్పట్లే చప్పట్లు.

"సోమవారం వచ్చి చేరమ్మా. ఇంతకీ ఈ కొండ ఎవరు?"

"మా ఆయనండీ."

"మ్యాపుకి రంగేసిన మహానుభావుడేనా?"

"ఆయనేనండీ. రంగు మాత్రం బాగా వేస్తారు."

"అలాగా! మా స్కూలు గోడలు వెలిసిపోయి చాన్నాళ్లయింది," అన్నారు ప్రిన్సిపాలుగారు.

ఆ తర్వాతి సెలవులన్నీ పచ్చబాబు గోడలకు రంగు వేస్తూ గడిపాడు, ఈసారి ప్రతి గోడ దగ్గరికీ స్వయంగా వెళ్లి.